కొలరాడోలో మ్యూల్ డీర్ వేట: కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి

కోస్తాలో మేక మాంసాన్ని ఇప్పటికీ వేట మాంసం అంటారు, తెలంగాణలో యాట కూర అంటారు. మాట మిగిలింది కానీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో జింకను వేటాడటం నేరం. అందుకే డెన్వర్‌లో దిగిన కొత్తలో, పక్క సీటతను ‘ఈ అక్టోబరులో జింక వేటకి వెళ్తున్నా’ అంటే ఉలిక్కిపడతాం. ఇక్కడ అది చట్టబద్ధం. కాకపోతే దానికి ఏడాది ముందునుంచే పని మొదలుపెట్టాలి.

అన్నిటికంటే ముందు వీసా సంగతి చూసుకోండి. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అందులో ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం. ఆ గడువు దాటిన మర్నాడు అదే తుపాకీ మీ ఇంట్లో ఉంటే చిక్కే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఈ నిషేధం లేదు. విల్లు ఫైర్‌ఆర్మ్ కిందికి రాదు కాబట్టి సెప్టెంబరు విల్లు సీజనుతో మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. ఏదైనా సరే, ఇమ్మిగ్రేషన్ లాయరుని ఒక్కసారి అడగకుండా తుపాకీ ముట్టుకోకండి. స్నేహితుడిదే కదా అని కూడా అనుకోవద్దు.

1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లందరికీ హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. స్థానికుల రుసుం వర్తించాలంటే వరసగా ఆరు నెలలు ఈ రాష్ట్రంలో ఉండి ఉండాలి. బయటివాళ్ల రుసుం దీనికి ఎన్నో రెట్లు. జింక లైసెన్సు మామూలుగా కౌంటర్ దగ్గర అడిగితే ఇచ్చేది కాదు, లాటరీలాంటి డ్రాలో రావాలి. దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లోనే ముగుస్తుంది. ఈసారి రాకపోతే ప్రిఫరెన్స్ పాయింటు జమవుతుంది, వచ్చే ఏడాది అది పనికొస్తుంది.

డ్రా ఎందుకంటే, ఏ ప్రాంతంలో ఎన్ని జింకలున్నాయో, మగవెన్నో ఆడవెన్నో అంచనా వేసి దాన్నిబట్టే లైసెన్సుల సంఖ్య తేలుస్తారు. ఇదంతా చూసే రాష్ట్ర ప్రభుత్వ శాఖ కొలరాడో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల వన్యప్రాణి పనులకి డబ్బు ఎక్కువగా ఈ లైసెన్సుల నుంచే వస్తుంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద రైఫిళ్లు, తూటాల మీద వేసే 11 శాతం పన్ను కూడా రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకే వెళ్తుంది. అసలు జింకను ఎక్కువగా దెబ్బతీసేది గట్టి చలికాలం, తరిగిపోతున్న మేత నేల, రోడ్లు. క్రెమ్లింగ్ దగ్గర హైవే 9 మీద జంతువుల కోసం కట్టిన వంతెనలు, సొరంగదారులు 2016లో పూర్తయ్యాక అక్కడ ప్రమాదాలు సుమారు 90 శాతం తగ్గాయి. అటు వెళ్తే ఆ వంతెనని చూడండి, నాకు చాలా ఇష్టమైన కట్టడం.

వేసవంతా గురి నేర్చుకోండి, బరువు మోస్తూ కొండలెక్కండి. ఎనిమిది, తొమ్మిది వేల అడుగుల ఎత్తులో ఊపిరి అందదు. రైఫిల్ సీజనులో నడుం పైన కనీసం 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు, తలమీద అదే రంగు టోపీ ఉండాలి. కంచరగాడిద చెవులు, కొసన నలుపున్న సన్నటి తోక: అది మ్యూల్ డీర్. బెదిరితే నాలుగు కాళ్లూ ఒకేసారి ఎత్తి గెంతుతుంది, గట్టు దాటబోయే ముందు తరచు ఆగి వెనక్కి చూస్తుంది. ఆ చూపుకి తొందరపడి దూరపు గుండు వేయకండి. గాయపడి పారిపోయిన జింకను వెతకడం మీ బాధ్యత.

జింక పడిన వెంటనే లైసెన్సుతో వచ్చిన ట్యాగు దానికి కట్టి, పేగులు తీసి, చర్మం ఒలిచి, గాలాడే గుడ్డసంచుల్లో వేసి నీడన వేలాడదీయాలి. మాంసం పాడు చేసేది వేడే. తినదగిన మాంసాన్ని వదిలేసి రావడం నేరం కూడా.

ఇక్కడ మన వంట అలవాటు ఒకటి మార్చుకోవాలి. ఈ జింకల్లో క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు ఉంది. దాన్ని మొదట గమనించింది 1967లో, ఈ రాష్ట్రంలోని ఫోర్ట్ కాలిన్స్‌లోనే. వికృతమైన ప్రోటీను వల్ల వస్తుంది కాబట్టి ఎన్ని విజిళ్లు వేయించినా చావదు. మనుషులకి సోకినట్టు ఇప్పటివరకు రుజువు లేదు, కానీ జబ్బు తేలిన జింకను తినొద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది. కాబట్టి తలని పరీక్షకి ఇవ్వండి. భేజా, తిల్లి, వెన్నుపాము జోలికి పోవద్దు. బొక్కతో ముక్కలు కొట్టించాలని ఉంటుంది, నాకూ ఉండేది. వెన్నెముకని రంపంతో కోయకుండా కండని ఎముక నుంచి విడదీసుకోండి.

మొదటి ఏడాది నేను తొడని కొవ్వుతో సహా మటన్‌లాగే వండాను. ఆ కొవ్వు చల్లారుతూనే మైనంలా అంగిలికి అంటుకుంది, పిల్లలు రెండో ముద్ద ముట్టలేదు. అప్పట్నుంచి కొవ్వు, కండ మీది తెల్లటి పొర మొత్తం గీకేసి, ఆ లోటుని నూనె, నెయ్యితో పూడుస్తున్నాను. వెన్ను పక్కన పొడవుగా ఉండే కండని మందపాటి బిళ్లలుగా కోసి, మిరియాలు, ఉప్పు రాసి, బాగా కాగిన ఇనప పెనం మీద అటూ ఇటూ రెండేసి నిమిషాలు కాలిస్తే చాలు. ఎక్కువసేపు ఉంచితే చెక్కే. మెడ, జబ్బ మాత్రం సన్నటి సెగమీద రెండుమూడు గంటలు ఉడకాలి. దానికి గోంగూర పులుపు కుదిరినట్టు ఇంకేదీ కుదరదు. ఖీమాలో కొంచెం మేక కొవ్వు కలపండి, లోపల 160 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరేదాకా ఉడికించండి.

ఈ మాంసం అమ్మకూడదు, పంచుకోవచ్చు. పొట్లం మీద తేదీ, ఏ భాగమో రాసి ఫ్రీజర్‌లో పెట్టి, పరీక్ష ఫలితం వచ్చాకే పక్కింటివాళ్లకి ఇవ్వండి.