దీర్ఘరోగులకు మందుల సాయం – మూడవ పాఠం: మందుల సంచి విప్పించడం

గత పాఠంలో రోగితో మాట కలపడం నేర్చుకున్నాం. ఈసారి ఇంట్లో ఉన్న మందులన్నిటినీ ఒకచోట పెట్టించి చూడడం నేర్చుకుందాం. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు కుటుంబాలకు ఇది మరీ అవసరం. ఇక్కడివారిలో చాలామంది బీపీ, షుగరు మాత్రలను ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రిలో నిరామయ పథకం కింద ఉచితంగా తెచ్చుకుంటూనే, ఒంట్లో బాగోలేనప్పుడు విశాఖపట్నమో శ్రీకాకుళమో వెళ్లి అక్కడి డాక్టరు రాసిన మందులు కూడా కొంటారు; ఆ రెండు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసేవారు మాత్రం అరుదు.

"పిన్నీ, మీ మందులన్నీ, మానేసినవి కూడా, ఒకసారి ఈ చాప మీద పెట్టండి" అని అడగండి. పెట్టాక స్ట్రిప్పు మీది పెద్ద అక్షరాల పేరుతో ఆగిపోకుండా, చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. స్టామ్లో, ఆమ్లాంగ్ అని పేర్లు వేరైనా రెండింటిలోనూ ఉన్నది ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు ఒక్కటే. ఉచితంగా ఇచ్చిన స్ట్రిప్పు మీద ఆ అసలు పేరే ఉండవచ్చు. తెలియక రెండూ వేసుకున్న మనిషికి కాళ్లు వాచి, లేచి నిలబడితే కళ్లు తిరిగి, ఈ మందులు తనకు పడవని అన్నిటినీ మానేసే ప్రమాదం ఉంది. అలా మానేసినవారిని మొండివారని అనడం అన్యాయం. మీ అంతట మీరు ఏదీ ఆపించకండి. స్ట్రిప్పులనూ చీటీలనూ అదే రోజు డాక్టరుకు చూపించండి.

తరువాత లెక్క చూడాలి. "మందులు వేసుకుంటున్నారా?" అంటే మొహమాటానికైనా అవునంటారు. "ఈ వారంలో ఏ రోజు కుదరలేదు?" అని అడిగితే నిజం చెప్పడం తేలికవుతుంది. రోజుకొకటి చొప్పున 30 మాత్రలు ఇచ్చిన 20 రోజులకు 10 మిగలాలి. 14 ఉంటే నాలుగు తప్పాయి. ఎందుకు తప్పాయో నిదానంగా వినండి. కార్తీక సోమవారం ఉపవాసమని గ్లిమెపిరైడ్ అనే షుగరు మాత్ర మానేశానంటే కోప్పడకండి, ఎందుకంటే తిండి లేకుండా ఆ మాత్ర వేసుకుంటే షుగరు పడిపోయి చెమటలు, వణుకు, ఒక్కోసారి స్పృహ తప్పడం కూడా జరుగుతుంది. ఉపవాసం నాడు ఏం చేయాలో ముందుగానే డాక్టరును అడిగి ఉంచుకోవాలి. తప్పిన మాత్రకు బదులుగా మర్నాడు రెండు కలిపి వేసుకోకూడదు.

ఈ వారం అభ్యాసంగా ఒక ఇంట్లో ఈ పని చేయండి. చదువు రానివారికి స్ట్రిప్పుల మీద సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి, ఏది ఎప్పుడు వేసుకోవాలో వారి చేతే చెప్పించుకోండి.