డ్రమ్ములో కల్లు వాసన: సూడోమోనాస్‌తో నా అనుభవం

మిరప నారుకుళ్లు తెగుల్ని అణిచే మంచి బాక్టీరియా సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్‌ని ఇంట్లోనే పెంచుదామని 200 లీటర్ల డ్రమ్ములో బెల్లం నీళ్లు పోసి, కొన్న పొడి కలిపి మూత బిగించాను. మూడో రోజుకి పుల్లటి కల్లు వాసన! పెరిగింది ఈస్ట్.

తప్పు నాదే. ఈ బాక్టీరియాకి గాలి కావాలి, నేనేమో మూత బిగించాను. బెల్లం నీళ్లు మరిగించలేదు. పైగా మే నెల ఎండ. దీనికి 25–30 డిగ్రీలే హాయి.

ఈసారి 20 లీటర్లకే దిగాను (డ్రమ్ము మోజు తీరింది). 200 గ్రాముల బెల్లం, నత్రజని కోసం కాస్త ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (బతికున్న ఈస్ట్ కాదు, దాని సారం) వేసి మరిగించి, మూతపెట్టి చల్లార్చి, ఈ బాక్టీరియా పెరుగుతున్న తాజా ద్రవం (కల్చర్) లీటరు పోశాను. చేపల తొట్టి గాలి పంపు పెట్టి, గాలి వెళ్లే గొట్టంలో దూది కుక్కి, నీడలో ఉంచాను. రెండు రోజులకి నీళ్లు మబ్బుగా మారాయి, పులుపు వాసన లేదు.

అయినా టెన్షనే. ఈ బాక్టీరియా తయారుచేసే రంగు యూవీ (అతినీలలోహిత) కాంతిలో పసుపు-ఆకుపచ్చగా మెరవాలి. యూవీ టార్చి వేస్తే ఆ మెరుపు రాలేదు. అగ్రికల్చర్ బీఎస్సీ చదివే మేనకోడలు నవ్వింది: "బెల్లంలో ఇనుముంటుంది మామయ్యా. ఇనుము దండిగా దొరికితే అది ఆ రంగు తయారు చెయ్యదు." చుక్క తీసి కింగ్స్ బి (ఇనుము తక్కువగా ఉండే ల్యాబ్ మేత) పళ్లెంలో పెంచితే మెరిసింది. ఆ సాయంత్రమే నారుమడికి పోసేశాను.