ట్రాక్టర్‌కి మంచు చైన్లా? ముందు టార్చి తీసుకుని లోపలి వైపు చూడండి

న్యూయార్క్ రాష్ట్రంలో బఫెలోకి దక్షిణాన, ఆర్చర్డ్ పార్క్, ఈస్ట్ అరోరా వైపు ఎకరం రెండెకరాల స్థలంతో ఇల్లు కొనుక్కున్న తమ్ముళ్ళ కోసం, చెల్లెళ్ళ కోసం రాస్తున్నాను. పొడుగాటి డ్రైవ్‌వే వేసవిలో ముచ్చటగానే ఉంటుంది. నవంబర్ వచ్చాక చూడాలి దాని సంగతి. అప్పటికి ఈరీ సరస్సు ఇంకా గడ్డకట్టదు. దాని మీదుగా వచ్చే చలిగాలి ఆవిరిని మోసుకొచ్చి మన నెత్తిన మంచుగా కుమ్మరిస్తుంది. 2022 నవంబర్‌లో ఒక్క తుఫానుకే ఆర్చర్డ్ పార్క్‌లో సుమారు 80 అంగుళాలు పడింది. పారతో తేలే వ్యవహారం కాదు.

నా మొదటి చలికాలంలో మంచు తోసే ప్లౌ బండి అతను సీజన్ మొత్తానికీ ముందే డబ్బు పుచ్చుకుని, పెద్ద మంచు పడ్డ రోజు ఫోన్ ఎత్తలేదు. ఇంట్లో పాలు లేవు, కారు గరాజ్ దాటలేదు, పిల్లవాడికి జ్వరం. ఆ చలికాలం అయ్యాకే చిన్న ట్రాక్టర్ కొన్నాను. కాబట్టి ట్రాక్టర్ ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర పెద్ద ఓపిక ఉండదు.

మొన్న శనివారం ఒక తమ్ముడు తన ట్రాక్టర్‌కి కొత్త చైన్లు, అంటే ఐసు మీద జారకుండా టైరుకి చుట్టే ఇనుప గొలుసులు, బిగిస్తుంటే చూశాను. గోదావరి జిల్లా కుర్రాడు, పొలంలో ఇనుప కేజీ వీల్స్ వేసి దమ్ము చేసినవాడు, ట్రాక్టర్ అంటే బెరుకు లేదు. అదే వచ్చింది చిక్కు. దమ్ములో కింద మెత్తటి బురద, చుట్టూ బోలెడు ఖాళీ. ఇక్కడ కింద తారు, దాని మీద ఐసు. చైను టైరుకే చుట్టుకుని, టైరుకీ బాడీకీ మధ్య ఉన్న కాస్త సందులో తిరగాలి. అతను బయట నిలబడి చూసి "సరిపోయింది అన్నా" అన్నాడు. లోపలికి టార్చి వేస్తే చైనుకీ హైడ్రాలిక్ గొట్టానికీ మధ్య వేలు దూరే చోటు లేదు. ఇంజన్ స్టార్ట్ చేయబోతుంటే ఆపించాను.

బాబూ, బయటి వైపు అందరూ చూస్తారు. చూడాల్సింది లోపలి వైపు. చక్రం ఆగి ఉన్నప్పుడు చైను బుద్ధిగా టైరును అంటుకునే ఉంటుంది. తిరగడం మొదలయ్యాక బయటికి ఉబుకుతుంది, వదులుగా ఉంటే మరీనూ. అప్పుడు దానికి ఏది తగిలితే అది పోతుంది: ఫెండర్, బ్రేకు రాడ్, గొట్టం, చివరికి టైరుకి గాలి పట్టే వాల్వ్ కూడా. అందుకని చైన్లు కొనకముందే కొలవండి. టైరుకీ పక్కనున్న ప్రతి వస్తువుకీ మధ్య కనీసం రెండంగుళాల ఖాళీ ఉండాలని నా లెక్క. దీనికి హార్డ్‌వేర్ షాపు టూ బై ఫోర్ చెక్క నమ్ముకోకండి. పేరుకే రెండు, అసలు మందం ఒకటిన్నర అంగుళమే. దానికి అరంగుళం ప్లైవుడ్ ముక్క మేకు కొట్టి, టైరు చుట్టూ ప్రతి సందులోనూ పెట్టి చూడండి. ట్రాక్టర్ కాస్త ముందుకు జరిపి, ఇంజన్ ఆపి, మళ్ళీ చూడండి. వెనక మంచు ఎగజిమ్మే బ్లోవర్ తగిలిస్తే దాన్ని పట్టుకునే కింది చేతులు అటూ ఇటూ ఊగుతాయి. ఊగినప్పుడు చైనుకి ఎంత దగ్గరికి వస్తున్నాయో చూసి, ఆ ఊపును ఆపే స్టెబిలైజర్లు బిగించండి. ఇదంతా చాదస్తం అంటారా? అననివ్వండి.

ఖాళీ చాలకపోతే చక్రాన్ని కాస్త బయటికి జరిపే వీల్ స్పేసర్లు మీ మోడల్‌కి తయారైనవి దొరుకుతాయి. అవి పెట్టి కాసేపు పని చేశాక బోల్టులు మళ్ళీ బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో చూడాలి. ఇంకెవరి ట్రాక్టర్‌వో చవగ్గా వస్తున్నాయని తెచ్చి తగిలించకండి.

చైన్ల రకం గురించి రెండే మాటలు. సైజు టైరు పక్కనే రాసి ఉంటుంది. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి వెనక 26 ఇంటూ 12-12 వస్తుంది, మీది మీరు చూసుకోండి. మనవాళ్ళు కొనే ట్రాక్టర్లకి ఎక్కువగా ఆర్4 టైర్లు, అంటే మందపాటి ఎత్తు పట్టీలుండే ఇండస్ట్రియల్ రకం, ఉంటాయి. వీటికి నిచ్చెన మెట్లలా దూరం దూరంగా అడ్డ గొలుసులున్న చవక చైను తెస్తే, ఆ గొలుసులు టైరు మీది ఎత్తు పట్టీల మధ్య సందుల్లో దిగిపోతాయి. చైను ఉన్నా లేనట్టే. ప్రతి రెండో లింకుకీ అడ్డ గొలుసు ఉన్నది తీసుకోండి. డ్రైవ్‌వే పక్కకి వాలుగా ఉంటే హెచ్ ఆకారంలో అల్లిన రకం ఇంకా మంచిది, పక్కకి జారనివ్వదు.

ఒక్క జతే కొంటే వెనక చక్రాలకే. చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకులుండేది వెనక చక్రాలకి మాత్రమే. ముందు బకెట్ నిండా మంచు ఎత్తితే వెనక తేలికైపోతుంది, వాలులో బ్రేకు వేసినా చక్రాలు ఆగి బండి జారుతుంది. చైన్లున్నా సరే వెనక బరువు ఉండాలి, ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉండాలి, బకెట్ నేలకి దగ్గరగా ఉండాలి.

బిగించేటప్పుడు చైను నేల మీద పరిచి మెలికలు తీయండి. అడ్డ గొలుసుల కొక్కేల నోళ్ళు టైరు వైపు కాకుండా బయటికి ఉండాలి, లేకపోతే రబ్బరు కోసేస్తాయి. టైరు మీద కప్పి, ముందు వేలాడే కొసను చక్రం కిందికి తోసి, ఒక అడుగు ముందుకు నడపండి. రెండు కొసలూ వెనక కలుస్తాయి. ఇక్కడ మనవాళ్ళు చేసే పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది: ఆయన సీటు మీద, ఆవిడ చక్రం దగ్గర చైను పట్టుకుని, "కొంచెం, ఇంకొంచెం" అంటూ. వద్దు. బండి కదిలినంతసేపూ చక్రం దగ్గర ఎవరూ ఉండకూడదు. పార్కింగ్ బ్రేకు వేసి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే చేతులు పెట్టాలి. లోపలి కొక్కెం ముందు, బయటిది తర్వాత. లోపలిది చేత్తో తడుముకుంటూ పెట్టాలి కాబట్టే చాలామంది ఒక లింకు వదులుగా వదిలేస్తారు. మళ్ళీ చెప్తున్నాను, గొడవంతా లోపలి వైపే. నడక వేగంతో కాస్త తిప్పి, ఆపి, మళ్ళీ బిగించి, బయట చైనును లాగి పట్టుకునే రబ్బరు టెన్షనర్లు వేయండి. మొదటి రోజు మంచు తీశాక ఇంకోసారి చూడండి.

ఈ పని హాలోవీన్ చాక్లెట్లు పంచిన వారంలోనే అయిపోవాలి. మైనస్ పదిలో ఇనుము పట్టుకుంటే గ్లవ్స్ ఉన్నా వేళ్ళు పనిచేయవు.

ఇంత చదివి టెన్షన్ పడ్డారేమో. అంత అక్కర్లేదు లెండి. మొదటిసారి సగం రోజు తినేస్తుంది, మరుసటేడు టీ చల్లారేలోగా కాకపోయినా భోజనానికి ముందే అయిపోతుంది. సరైన చైను సరిగ్గా పడితే ఆర్4 టైరు కూడా ఐసు మీద జారకుండా ఎక్కుతుంది, అది మాత్రం నిజం. ఉత్త తారు మీద చక్రాలు గిర్రున తిరగనివ్వకండి, గాట్లు పడతాయి. తీసిన మంచు రోడ్డు మీదికి తోయకండి, న్యూయార్క్ చట్టం ఒప్పుకోదు. ఏప్రిల్‌లో కూడా ఇక్కడ మంచు పడుతుంది కాబట్టి కాస్త ఎండ రాగానే చైన్లు విప్పేయకండి. విప్పినప్పుడు ఉప్పు కడిగి, ఆరబెట్టి, నూనె రాసి, ఏది ఎడమ చక్రానిదో ఒక గుడ్డ పేలిక కట్టి ఉంచండి.