బీకాం, బీబీఏకి లెక్కలు ఎంత రావాలి? చేరేలోపు ఎలా సిద్ధం కావాలి?

ఏటా జూన్ వచ్చేసరికి విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఇంటి గుమ్మం దగ్గర ఇదే గోల. "మావాడికి లెక్కలు పడవు మాస్టారూ, అందుకే బీకాంలో వేసేద్దాం అనుకుంటున్నాం" అంటాడు ఒకాయన. మర్నాడు ఇంకొకావిడ వస్తుంది. "మా అమ్మాయి ఇంటర్‌లో సీఈసీ, లెక్కల్లేని గ్రూపు. బీబీఏలో లెక్కలు ఉంటాయంట, ఏటి చెయ్యమంటారు?" ఆయనేమో లెక్కలు అసలు ఉండవనుకుంటున్నాడు. ఈవిడేమో ఇంజినీరింగ్ ఎంట్రన్స్ లెక్కలు ఉంటాయనుకుంటోంది. ఇద్దరిదీ పొరపాటే.

ఇరవై ఏళ్లుగా సాయంత్రాలు డిగ్రీ పిల్లలకి అకౌంట్స్, స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. సైన్ థీటా, కాస్ థీటా, వెక్టర్లు అడిగిన బీకాం పేపరు ఇంతవరకు నా కంటపడలేదు. పదో తరగతి వరకు ఉన్న లెక్కలు గట్టిగా వస్తే మూడేళ్లు గడిచిపోతాయి. ఆ "గట్టిగా" అన్నచోటే పిల్లలు బోల్తా పడుతున్నారు. ఎంపీసీ, ఎంఈసీ లాంటి లెక్కల గ్రూపులు చదివి వచ్చినవాళ్లు కూడా పడుతున్నారు. కాబట్టి సీట్ రాగానే కాలేజీ తెరిచేలోపు దొరికే నెలా నెలన్నరలో ఏం చేయాలో వరసగా చెబుతాను.

సిలబస్ తెచ్చుకోండి

సీనియర్లని అడగొద్దు. వాళ్లు చదివిన సిలబస్ ఈపాటికి మారిపోయి ఉంటుంది. ఆంధ్రా యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న మామూలు కాలేజీ అయితే యూనివర్సిటీ సిలబస్ చూడండి. అటానమస్ కాలేజీ అయితే వాళ్ల సొంత సిలబస్ వేరే ఉంటుంది, కాలేజీ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. ప్రింట్ తీయించి ఒక ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చోండి.

బిజినెస్ స్టాటిస్టిక్స్, బిజినెస్ మ్యాథమెటిక్స్, క్వాంటిటేటివ్ టెక్నిక్స్, ఆపరేషన్స్ రీసెర్చ్ లాంటి పేర్లు కనపడితే గీత గీయండి. అవి ముఖం చూపించి వచ్చే లెక్కలు. తర్వాత కాస్ట్ అకౌంటింగ్, మేనేజ్‌మెంట్ అకౌంటింగ్, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ కింద కూడా గీయండి. ఇవి ముసుగేసుకుని వచ్చే లెక్కలు. "లెక్కలు లేవనే చేరాను" అనేవాళ్లు గీయకుండా వదిలేసేది ఈ రెండో రకాన్నే. మార్కులు పోయేదీ ఇక్కడే. ఎకనామిక్స్‌లో మార్జినల్ కాస్ట్ దగ్గర డెరివేటివ్ తగలొచ్చు. అక్కడ కావలసింది ఎక్స్ స్క్వేర్‌ని రెండు ఎక్స్‌గా మార్చడం వరకే, ఒక ఆదివారం చాలు. మ్యాట్రిక్స్ ఉన్నా అంతే.

సరంజామా

రూళ్లు లేని లాంగ్ నోట్‌బుక్, నీలం పెన్ను, పన్నెండంకెల మామూలు కాలిక్యులేటర్. పెన్సిల్ వద్దు. చెరిపేసిన తప్పు మళ్లీ కనపడదు, కనపడని తప్పు మళ్లీ చేస్తారు. ఫోన్‌లోని కాలిక్యులేటర్ మా ఇంట్లో నిషేధం. కొన్న కాలిక్యులేటర్ మీద శాతం బటన్ ఉంటుంది కదా, దానిమీద చిన్న స్టిక్కర్ అంటించేయండి. నవ్వొద్దు. ఆ బటన్ ఒక్కో మిషన్‌లో ఒక్కోలా పనిచేస్తుంది. పైగా ఎందుకు వద్దంటున్నానో కిందకి వెళ్తే తెలుస్తుంది.

మొదటి వారం

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు లెక్కల పుస్తకాలు. తమ్ముడివో పక్కింటి పిల్లవో తెచ్చుకోండి, సిగ్గేమీ లేదు. భిన్నాలు, దశాంశాలు, నిష్పత్తి, బారువడ్డీ, చక్రవడ్డీ, ఒక తెలియని రాశి ఉన్న సమీకరణాలు. రోజుకి ఇరవై లెక్కలు. అంతే, దీని గురించి ఇంతకన్నా చెప్పడానికేమీ లేదు.

శాతం సరే, దేని మీద?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. నెమ్మదిగా చదవండి.

పూర్ణామార్కెట్‌లో ఒక సరుకు 80 రూపాయలకి కొని 100కి అమ్మారు. లాభం 20. శాతంలో ఎంత? కొన్నదాని మీద లెక్కేస్తే 25 శాతం. అమ్మినదాని మీద లెక్కేస్తే 20 శాతం. రెండూ నిజమే. "లాభం 25 శాతం" అని ఊరికే అంటే అది సగం మాటే. దేని మీద అన్నది మిగతా సగం. పిల్లలు ఆ మిగతా సగం చదవరు.

పరీక్షలో దీని దెబ్బ ఎలా ఉంటుందో చూడండి. అమ్మకాలు 2,00,000, స్థూల లాభం అమ్మకాల మీద 25 శాతం అని ఇచ్చారనుకోండి. లాభం 50,000, సరుకు ఖరీదు 1,50,000. అదే 25 శాతం ఖరీదు మీద అని ఇస్తే? రెండు లక్షలంటే 125 భాగాలు, అందులో ఖరీదు 100 భాగాలు. ఖరీదు 1,60,000, లాభం 40,000. ఒక్క మాట తేడాకి పది వేలు పోయాయి. అగ్నిప్రమాదానికి ఇన్సూరెన్స్ క్లెయిమ్ లెక్కలో అయితే ఆ పది వేలు తిన్నగా కాలిపోయిన సరుకు విలువలోకి వెళ్లి కూర్చుంటాయి. హెడ్డాఫీసు బ్రాంచికి సరుకు పంపే బ్రాంచ్ అకౌంట్స్‌లో "ఖరీదుకి 25 శాతం కలిపి ఇన్‌వాయిస్ వేశాం" అంటే లోడింగ్, అంటే ఆ కలిపిన లాభం, తీయాల్సింది ఇన్‌వాయిస్ ధరలో అయిదో వంతు. నాలుగో వంతు తీసేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ సగం మంది ఉంటారు.

నా పద్ధతి ఇది. కాలిక్యులేటర్ ముట్టుకునే ముందు నోట్‌బుక్‌లో మూడు గడులు గీయండి. కొన్నది, లాభం, అమ్మినది. ప్రశ్నలో "మీద" అన్న మాట దేని పక్కన ఉందో ఆ గడిలో 100 వేయండి. మిగతా రెండూ వాటంతటవే నిండుతాయి. ఖరీదు మీద 25 అయితే 100, 25, 125. అమ్మకాల మీద 25 అయితే 75, 25, 100. ఆ తర్వాతే ప్రశ్నలోని అంకెలు పట్టుకోండి. మూడు గడులూ నిండకుండా భాగహారం మొదలుపెట్టినవాణ్ణి నేను లేపి వరండాలో కూర్చోబెడతాను.

దీనికి షార్ట్‌కట్లు చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ద్వారకానగర్‌లో ఒకచోట నేర్చుకున్న అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "కాస్ట్ మీద వన్ ఫోర్త్ అంటే సేల్స్ మీద వన్ ఫిఫ్త్" అని పాటలా అప్పజెప్పింది. బాగుంది. ఖరీదు మీద 33⅓ శాతం అని ఇచ్చాను. దానికీ వన్ ఫిఫ్తే వేసింది. నాలుగో వంతు రావాలి. మూడు గడులు గీసుంటే 100, 33⅓, 133⅓ అని కళ్లెదుట ఉండేది. నెలకి మూడు వేలు కట్టించుకుని ఒక్క లెక్కకి పనికొచ్చే పాట నేర్పారు. అదే బ్యాచ్‌లో కిరాణా కొట్టు వాళ్లబ్బాయి ఉండేవాడు. ఇంటర్ అత్తెసరు మార్కులు. కానీ ఏ ప్రశ్న ఇచ్చినా ముందు "కొన్నదాని మీదేనా మాస్టారూ?" అని అడిగేవాడు. వాళ్ల నాన్న కొట్లో రోజూ వినే మాట అది. వాడికి నేను నేర్పిందేమీ లేదు.

ఇదొక్క చాప్టర్‌తో అయిపోతుందనుకోకండి. ఈ "దేని మీద" మూడేళ్లూ వెంటపడుతుంది. 18 శాతం జీఎస్టీ కలిపి బిల్లు 1,180 అయితే పన్ను ఎంత? 1,180 మీద 18 శాతం కట్టి 212 రూపాయల 40 పైసలు రాసినవాళ్లు నాకు కోకొల్లలు. పన్ను పడింది అసలు ధర మీద. 118లో 18 వంతులు, అంటే 180 రూపాయలు. జగదాంబ జంక్షన్‌లో బట్టల కొట్టు బోర్డు మీద "50 శాతం, ఆపైన మరో 20 శాతం తగ్గింపు" అని ఉంటే 70 అనుకుని లోపలికి వెళ్తారు. రెండో తగ్గింపు మిగిలిన సగం మీద. వెయ్యి రూపాయల చొక్కా 400కి వస్తుంది, 300కి రాదు.

తరుగుదల కూడా అంతే. లక్ష రూపాయల మిషన్‌కి ఏటా 10 శాతం తరుగు. స్ట్రెయిట్ లైన్ పద్ధతిలో ఎప్పుడూ అసలు లక్ష మీదే, మూడేళ్లకి 70,000 మిగులుతుంది. తగ్గిన విలువ మీద వేసే పద్ధతిలో 90,000, 81,000, 72,900. ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో ప్రెజెంట్ వాల్యూ అని భయపెట్టేదీ ఇదే లెక్క. ఏడాది తర్వాత చేతికొచ్చే 1,10,000 విలువ, 10 శాతం చొప్పున, ఈరోజు ఎంత? అందులోంచి 10 శాతం కోసేసి 99,000 రాస్తారు. ఆ పది శాతం ఈరోజు సొమ్ము మీద పెరిగేది. 1.10తో భాగించాలి. లక్ష.

ఈ ఒక్క మెట్టుకి రెండు వారాలు ఇవ్వండి. మూడు ఇచ్చినా తప్పులేదు. శాతం బటన్ మీద స్టిక్కర్ ఎందుకన్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. దేని మీద అని ఆ బటన్ అడగదు.

బ్రేక్ ఈవెన్

లాభమూ నష్టమూ లేని చోటే బ్రేక్ ఈవెన్. ఆర్కే బీచ్‌లో ముంత మసాలా బండి పెట్టారనుకోండి. ప్లేటు 40 రూపాయలు. మరమరాలు, ఉల్లిపాయలు, నిమ్మకాయ, కాగితం పొట్లం అన్నీ కలిపి 24. ప్లేటుకి 16 మిగులుతుంది. బండి అద్దె, లైటు, మిగతావి నెలకి 9,600. దాన్ని 16తో భాగిస్తే 600 ప్లేట్లు, అంటే రోజుకి 20. 21వ ప్లేటు నుంచి లాభం. సూత్రం బట్టీ పట్టక్కర్లేదు. ఒకటే జాగ్రత్త, పీవీ రేషియో (అమ్మిన ధరలో ఇలా మిగిలేది ఎంత శాతమన్నది) అడిగితే 16ని 40తో భాగించాలి, 40 శాతం. 24తో భాగించేవాళ్లని మళ్లీ పై మెట్టుకి పంపిస్తాను.

స్టాటిస్టిక్స్

పేరు విని హడలిపోతారు గానీ ఇందులో ఉన్నది కూడిక, గుణకారం, వర్గమూలం, బోలెడంత ఓపిక. సగటు, మధ్యగతం, బాహుళకం పదో తరగతిలోనే అయిపోయాయి. అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్‌కి వరసలు తిన్నగా గీసి ఒక్కో నిలువు వరసని రెండుసార్లు కూడండి, పైనుంచి కిందకి ఒకసారి, కిందనుంచి పైకి ఒకసారి. రెండు రాశులు ఎంత జతగా కదులుతాయో చెప్పే కోరిలేషన్ ఎప్పుడూ మైనస్ ఒకటికీ ప్లస్ ఒకటికీ మధ్యలోనే ఉండాలి. 1.3 వచ్చిందని రెండు గీతలు గీసి ఆన్సర్ రాసినవాణ్ణి చూశాను. ధరలు ఎంత మారాయో చెప్పే ఇండెక్స్ నంబర్లలో లాస్పియర్స్ సూత్రం ఆధార సంవత్సరం పరిమాణాలు తీసుకుంటుంది, పాషే ప్రస్తుత సంవత్సరానివి. అక్కడా మళ్లీ "దేని మీద" అన్నదే. ఫిషర్ ఆ రెంటినీ గుణించి వర్గమూలం తీస్తాడు. ఒకదాన్ని బట్టి ఇంకొకటి అంచనా కట్టే రిగ్రెషన్‌లో రెండు గీతలెందుకని అడిగితే, ఎక్స్‌ని వై మీద ఒకసారి, వైని ఎక్స్ మీద ఒకసారి అంచనా వేస్తారు కాబట్టి. ఇవన్నీ కాలేజీలో చెబుతారు, ఇప్పుడే కంగారుపడి మొదలుపెట్టొద్దు. ఉన్న పరిమితుల్లో ఎక్కువ లాభమో తక్కువ ఖర్చో వెతికే లీనియర్ ప్రోగ్రామింగ్‌లో గ్రాఫ్ పద్ధతి వస్తే స్కేలు తీసి సరళరేఖలు గీయడమే.

డిగ్రీ తర్వాత ఆలోచన ఉంటే

సీఏ అనుకుంటున్నవాళ్లకి దాని మొదటి మెట్టు ఫౌండేషన్‌లో క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ వంద మార్కుల పేపరు. అందులో బిజినెస్ మ్యాథమెటిక్స్ 40, లాజికల్ రీజనింగ్ 20, స్టాటిస్టిక్స్ 40. తప్పు జవాబుకి పావు మార్కు కోత. దీనికి పైన చెప్పిన నెల చాలదు, ఇంకో మూడు నాలుగు నెలలు వేసుకోండి. ఎంబీఏకి ఐసెట్ రాస్తే 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు. మన ఊళ్లోనే గంభీరంలో ఐఐఎం ఉంది, 2015లో పెట్టారు, దానిమీద కన్నుంటే ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాయాలి. ఆ లెక్కల స్థాయే వేరు, దాని సంగతి ఇంకోసారి.

ఐసెట్ హాల్లోకి కాలిక్యులేటర్ రానివ్వరు. అందుకే ఫైనలియర్ మొదలవగానే దాన్ని బీరువాలో పెట్టేసి చేత్తో భాగించడం అలవాటు చేసుకోండి. ఇరవై వరకు ఎక్కాలు నోటికి రావాలి. పంతొమ్మిదో ఎక్కం దగ్గర తడబడితే ఫర్వాలేదు, అక్కడ నాకూ తడబాటే.