తలస్నానం అంటే ఏడుపు, మిక్సీ వేస్తే చెవులు మూసుకోవడం: ఇంట్లో సెన్సరీ ఇబ్బందులకి సమస్య - పరిష్కారం

సెన్సరీ ఇబ్బంది అంటే శబ్దం, స్పర్శ, కదలిక లాంటివి పిల్లలకి మరీ ఎక్కువగానో మరీ తక్కువగానో తెలియడం. ముందు ఒకటి చెప్పాలి, బయటికి ఒకేలా కనిపించే అల్లరికి పూర్తిగా వ్యతిరేకమైన కారణాలు ఉంటాయి. ఇల్లంతా పరిగెత్తే పిల్లాడు ఒంటికి కదలిక చాలక పరిగెత్తుతుండొచ్చు, లేదా ఆ గదిలో గోల తట్టుకోలేక పారిపోతుండొచ్చు. అందుకే ఏ బొమ్మో దుప్పటో కొనేముందు ఒక వారం పాటు, గొడవ మొదలవడానికి కాస్త ముందు ఏం జరిగిందో ఫోన్‌లో రాసుకోండి.

సమస్య: తలస్నానం అంటే కేకలు
కారణం: నీళ్లంటే భయం అనుకుంటాం గానీ చాలామందికి అసలు ఇబ్బంది తల వెనక్కి వంచడం. లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగం ఉంటుంది, అది మరీ సెన్సిటివ్‌గా ఉంటే తల వాలగానే పడిపోతున్నట్టే ఉంటుంది. గమనించండి, ఒంటి మీద పోస్తే కిక్కురుమనడు, తల వంచగానే మెడ బిగబట్టి మీ చెయ్యి గట్టిగా పట్టేసుకుంటాడు.
పరిష్కారం: నిటారుగా కూర్చోబెట్టి, మడిచిన టవల్ వాడినే నుదుటికి అదిమి పట్టుకోమని, వెనక నుంచి మగ్గుతో పోయండి. షవర్ చినుకులు కొందరికి సూదుల్లా గుచ్చుతాయి. వేళ్లతో గీరకుండా అరచేత్తో కాస్త నొక్కి రుద్దండి, ఎందుకంటే తేలికగా తగిలేదే ఈ పిల్లలకి ఎక్కువ చిరాకు. మూడు మగ్గులే అని చెప్తే మూడుకే ఆపేయాలి, నాలుగోది పోశారో మళ్లీసారి మీ మాట నమ్మడు.

సమస్య: మిక్సీ, డ్రిల్లింగ్ శబ్దానికి చెవులు మూసుకోవడం
నిన్నటిదాకా లేక హఠాత్తుగా మొదలైతే ముందు చెవి నొప్పేమో డాక్టర్‌కి చూపించండి. ఎప్పట్నుంచో ఉంటే చెప్పి ఆన్ చేయండి, కుదిరితే స్విచ్ వాడితోనే వేయించండి, ఎప్పుడు వస్తుందో తెలిసిన శబ్దం సగం తగ్గినట్టే. హెడ్‌ఫోన్లు ఆ కాసేపటికే, రోజంతా పెడితే మామూలు శబ్దాలు కూడా భరించలేకపోతాడు.

సమస్య: సోఫా మీంచి దూకడం, మనుషుల్ని గుద్దడం, కాలర్ నమలడం
కారణం: కండరాలు, కీళ్ల నుంచి వచ్చే సమాచారం వీళ్లకి గట్టిగా అందితే గానీ తెలీదు.
పరిష్కారం: కూర్చో కూర్చో అని అరిస్తే లాభం లేదు, ఓటీలు (ఆక్యుపేషనల్ థెరపిస్టులు) హెవీ వర్క్ అంటారే అదే కావాలి: తడి బట్టల బకెట్ మోయించడం, గోడని రెండు చేతులతో తోయించడం, పరుపు మీద దిండ్ల గుట్టలోకి దూకించడం. హోంవర్క్‌కి ముందు చేయిస్తే బాగా పనికొస్తుంది. గుండ్రంగా తిప్పడం మాత్రం జాగ్రత్త, మొహం పాలిపోయినా చెమట పట్టినా వెంటనే ఆపేయాలి. కాలర్ బదులు నమలడానికి చూ టాయ్ ఇవ్వొచ్చు, కానీ మట్టి, సుద్ద, కాగితం మింగుతుంటే అది వేరే విషయం, ఐరన్ తక్కువుందేమో రక్తపరీక్ష చేయించాలి.

సమస్య: బట్టలు విప్పేయడం
ట్యాగ్ కుట్టుతో సహా తీసేయండి, సాక్స్ తిరగేసి తొడగండి. చాలాసార్లు అంతే.

సమస్య: ఆడుకుంటూ బట్టల్లోనే మూత్రం పోసేసుకోవడం
బద్ధకం కాదు, లోపలి నుంచి వచ్చే సిగ్నల్ ఆలస్యంగా తెలుస్తుంది. టైం ప్రకారం బాత్రూంకి పంపండి. మలబద్ధకం ఉందేమో కూడా చూడండి, దాని వల్ల కూడా ఇలా అవుతుంది.

బరువు దుప్పట్ల (లోపల బరువు నింపి కుట్టినవి) గురించి అందరూ అడుగుతారు. పసిపిల్లలకి అస్సలు వద్దు, పెద్ద పిల్లలకైనా సొంతంగా తీసేసుకోగలిగితేనే, అదీ ఓటీని అడిగి.

ఇంకో గందరగోళం: ఈ ఇబ్బందులకి వాడే సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అనే పేరు 2013 నాటి డీఎస్‌ఎం-5లో (మానసిక, ఎదుగుదల సమస్యల్ని నిర్ధారించడానికి డాక్టర్లు చూసే అమెరికా పుస్తకం) విడి జబ్బుగా లేదు, కానీ ఆటిజం లక్షణాల్లో సెన్సరీ తేడాలు ఉన్నాయి. కాబట్టి మాటలు ఆలస్యమైనా, పిలిస్తే పలక్కపోయినా ఇంటి చిట్కాలతో సరిపెట్టకుండా డెవలప్‌మెంటల్ పీడియాట్రిషన్‌కి (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టర్) చూపించండి, వినికిడి పరీక్ష కూడా చేయించండి. ఫోన్‌లో రాసుకున్న నోట్స్ పట్టుకెళ్లండి, వాళ్లు అడిగే మొదటి ప్రశ్నలు అవే.