ఫుట్‌బాల్‌లో డిఫెండర్ మొదట ఆగడం నేర్చుకోవాలి

అమలాపురం, భీమవరం వైపు కుర్రాళ్లలో చాలామంది బంతి కనబడగానే మీద పడిపోతారు. గోల్ కొట్టడానికి వచ్చే ఫార్వర్డ్‌కి కావాల్సిందీ అదే.

అతను బంతితో వస్తుంటే వేగంగా ఎదురెళ్లండి. రెండు మీటర్ల దూరంలో అడుగులు చిన్నవి చేసి, మోకాళ్లు వంచి, ఒక కాలు ముందుకు పెట్టి ఏటవాలుగా నిలబడండి. నిటారుగా ఎదురు నిలిస్తే బంతి కాళ్ల మధ్య నుంచి పోతుంది, వెనక్కి తిరిగేసరికి ఆలస్యమవుతుంది. మెల్లగా వెనక్కి జరుగుతూ అతన్ని టచ్‌లైన్ (మైదానం పక్క గీత) వైపు తోలండి. చూపు బంతి మీదే ఉండాలి, భుజాలు అబద్ధమాడతాయి. బంతి అతని పాదం నుంచి అడుగు దూరం జరిగినప్పుడే కాలు పెట్టండి. పెనాల్టీ ఏరియాలో, అంటే గోల్ లైన్ నుంచి 16.5 మీటర్ల లోపు, తొందరపడితే పెనాల్టీయే.

మన నల్లమట్టి తడిస్తే బూట్ల అడుగున ఉండే స్టడ్ల మధ్య ముద్దలా పట్టేస్తుంది. పొడవైన స్టడ్లు వేసుకుని, హాఫ్‌టైమ్‌లో పుల్లతో గీకేయండి. దాళ్వా కోతలయ్యాక బీటలు వారిన చేలో పొట్టి రబ్బరు స్టడ్లే మేలు. అక్కడ స్లైడ్ టాకిల్ (నేల మీద జారుతూ బంతిని తన్నేయడం) జోలికి పోకండి, తొడ చర్మం లేచిపోతుంది.

ప్రొఫెషనల్ క్లబ్ మీద ఆశ ఉంటే ఎడమకాలి పాస్‌కి రోజూ పావుగంట ఇవ్వండి. ఎడమకాలి డిఫెండర్లు ఎక్కడా తక్కువే.