పూసల లోలాకులు చేయాలంటే ముందు లూప్ తిప్పడం రావాలి

ఇంట్లో నగల పని మొదలెట్టేవాళ్లు టూల్స్ అన్నీ ఒకేసారి కొనేస్తారు, నిజానికి మూడు చాలు, ముక్కు గుండ్రంగా ఉండే పట్కారు, లోపల గాట్లు లేని చదును పట్కారు, తీగ కట్టర్. టేబుల్ మీద పాత టవల్ పరుచుకోండి, లేదంటే పూసలు దొర్లిపోయి సాయంత్రమంతా మంచం కిందే ఉంటారు.

లూప్ అంటే తీగ కొసని చిన్న రింగులా వంచడమే. తీగ 20 గేజ్, అంటే దాదాపు 0.8 మి.మీ. మందం. గేజ్ నంబర్ పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది, చాలామంది ఉల్టాగా అనుకుంటారు. నేర్చుకోడానికి రాగి బెస్ట్, ఈజీగా వంగుతుంది, కానీ ఒకేచోట పదేపదే వంచితే గట్టిపడి పుటుక్కున విరుగుతుంది.

ఒక చివర లూప్ చేసి (తిప్పే పద్ధతి కిందే ఉంది) పూస ఎక్కించి, రెండోవైపు 1 సెం.మీ. వదిలి కట్ చేయండి (ముక్క ఎగిరొస్తుంది, కళ్లద్దాలు పెట్టుకోండి). పూసకి ఆనించి 90 డిగ్రీలు వంచి, చివరని గుండ్రటి పట్కారుతో పట్టి వెనక్కి తిప్పండి, ఒకేసారి కాదు, సగం తిప్పి పట్టు మార్చి మిగతా సగం. పట్కారు ముక్కు మీద తీగని పట్టే చోట మార్కర్‌తో గీత పెట్టుకోండి, నేను పెట్టుకోక మొదట్లో ఒక చెవిది పెద్దది ఒక చెవిది చిన్నది చేసేదాన్ని.

చెవి హుక్‌కి తగిలించడానికి లూప్ తెరవాలంటే వెడల్పుగా లాగొద్దు, షేప్ పోతుంది, చివరని పక్కకి మెలితిప్పాలి.

చెవి హుక్ మాత్రం స్టెర్లింగ్ వెండిదో టైటానియందో తీసుకోండి, నికెల్ కలిసిన హుక్ అయితే అది పడనివాళ్లకి చెవులు దురదపెడతాయి. హుక్ మీరే చేస్తే కొసని సన్న ఆకురాయితో రుద్ది దూది మీద లాగి చూడండి, పోగు తగులుకుంటే ఇంకా రుద్దాలి.